రాజనర్సయ్య పెట్టిన మ్యాండేటరీ

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందు దాటి ఎస్.ఆర్. నగర్ వైపు తిరిగే మూల మీద సత్తెమ్మ టీ బండి పెడుతుంది. దానికి ఎదురుగా రాజనర్సయ్య జిరాక్స్ షాపు. పేరుకు జిరాక్స్ గానీ, ఆ చుట్టుపక్కల గోడల మీదా కరెంటు స్తంభాల మీదా హాస్టళ్ళ గేట్ల మీదా కనిపించే ప్రతి నోటీసూ ఆయన కంప్యూటర్‌లోంచి పుట్టిందే. పని మధ్యలో ఖాళీ దొరికితే టీ బండి దగ్గరికి వచ్చి నాలుగు మాటలు చెప్పి పోతానని ఆయన అంటాడు. మాటల మధ్యలో ఖాళీ దొరికితే పోయి పని చేసుకుంటాడని సత్తెమ్మ అంటుంది. చూసినవాళ్ళంతా సత్తెమ్మ వైపే.

మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు లేచేది ఆయనే. కాకపోతే ఏ సంగతీ ఆయన నోట్లోంచి ఉన్నది ఉన్నట్టు బయటికి రాదు. పిల్లిని చూసి వచ్చి పులి అంటాడు. మనం నోరు తెరిచి విన్నామో, ఆ పులి మీద ఎక్కి సనత్‌నగర్ దాకా పోయి వచ్చిన కథ మొదలుపెడతాడు. నమ్మినవాళ్ళ మీద ఆయనకు ఎంత ప్రేమో, నమ్మనివాళ్ళ మీద అంతకంటే ఎక్కువ ప్రేమ. వాళ్ళకైతే ఇంకో కథ చెప్పే వీలుంటుంది కదా.

ఆ రోజు ఆయన్ని మొదలుపెట్టించింది జోగారావు గారు. భీమవరం నుంచి వచ్చి వెనక వీధిలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్న పెద్దమనిషి. కుళాయిలు కట్టెయ్యమని బోర్డు పెట్టించినా ఒక్కరూ కట్టడం లేదనీ, ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ అయిపోతోందనీ, ఆ బోర్డుకి ఏదో ఒకటి చేసి పెట్టమనీ వచ్చారు. రాజనర్సయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు. గ్లాసు పక్కన పెట్టాడంటే కథ పెద్దదేనని సత్తెమ్మకు తెలుసు. ఆమె స్టవ్ మంట తగ్గించింది.

"బోర్డు మీద ఏమని రాపిచ్చిన్రు సార్?" అని అడిగాడు.

ప్లీజ్ అని రాయించానన్నారు జోగారావు గారు, మర్యాదగా ఉంటుందని.

"గదే తప్పు. ప్లీజ్ అంటే సలాం కొట్టుడు. సలాం కొడితే ఎవడన్న నల్లా బంద్ జేస్తడా? షుడ్ అని రాస్తే పెద్దమనిషి మంచి మాట చెప్పినట్టుంటది, వింటరు, పోతరు. మస్ట్ అంటే గల్లా పట్టినట్టు. కంపల్సరీ అంటే గల్లా పట్టి గోడకు ఒత్తినట్టు. ఇగ మ్యాండేటరీ అన్నరనుకోండ్రి సార్, పోలీసు జీపు వచ్చి వాకిట్ల ఆగినట్టే. మన తెలుగుల తప్పనిసరి అని ఒక మాటున్నది పాపం, దానికెవడు భయపడ్తడు, మనింటి మాటే గద అనుకుంటరు. ఇంగ్లీషోడు తెలివిగలోడు, ఒక్కొక్క భయాన్ని ఒక్కొక్క డబ్బాల పోసి పెట్టిండు. ఏ బోర్డుకు ఏ డబ్బా మూత తియ్యాల్నో ఎరుకుండాలె. ఈ అమీర్‌పేటల గది ఎరుకున్నోన్ని నేనొక్కన్నే."

బెంచీ చివర కూర్చున్న అమ్మాయి ఆ మాటకి తలెత్తింది. పేరు ధాత్రి. జోగారావు గారి హాస్టల్లోనే ఉంటుంది. ఊరు తణుకు. ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, ఒళ్ళో సర్టిఫికెట్ల ఫోల్డరు పెట్టుకుని పొద్దుట్నుంచీ అక్కడే కూర్చుంది. ఇచ్చిన టీ చల్లారిపోయింది. ఇంటర్వ్యూకి బయల్దేరినట్టు తయారై, బయల్దేరకుండా కూర్చున్న మనిషని రాజనర్సయ్య వచ్చినప్పుడే కనిపెట్టాడు. అలా కూర్చున్న పిల్లల్ని ఆయన ఈ సందులో చాలామందిని చూశాడు. ఆ పిల్లని ఎలాగైనా నవ్వించాలనుకున్నాడు.

అందుకని హాస్టల్ చెప్పుల కథ ఎత్తుకున్నాడు. పక్క గల్లీలో మగపిల్లల హాస్టల్ ఒకటుంది. మెట్ల మీద చెప్పులు గుట్టలుగా పడి ఉండేవి. చెప్పులు వరుసగా పెట్టవలెను అని ఓనరు తెలుగులో రాయిస్తే ఒక్కడూ పట్టించుకోలేదు. లబలబలాడుతూ రాజనర్సయ్య దగ్గరికి వచ్చాడు. రాజనర్సయ్య ఆ బోర్డు పీకించి, మ్యాండేటరీ అన్న మాటతో కొత్తది పెట్టించాడు. తెల్లారి చూస్తే చెప్పులన్నీ బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు ఉన్నాయి.

ఇంతవరకు జరిగి ఉండవచ్చని సత్తెమ్మ కూడా ఒప్పుకుంది. రాజనర్సయ్య అక్కడ ఆగిపోయి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఆగడం ఆయన జాతకంలో లేదు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గా గల్లీల ఒక కుక్కున్నది. ఎప్పుడు జూసినా ఒక్క చెప్పే ఎత్తుకపోతది, రెండోది ముట్టది, దానికదో పట్టింపు. బోర్డు పెట్టిన తెల్లారి గా కుక్క వచ్చి, మెట్ల కాడ నిలవడి, బోర్డును కింది నుంచి మీదికి చూసి, తోక కాళ్ళల్ల పెట్టుకొని పోయింది. పోయి ఊకున్నదా? ఏడాది సంది ఎత్తుకపోయిన చెప్పులన్నీ ఒక్కొక్కటి కరుసుకొచ్చి, ఎవరి జత పక్కన వాళ్ళది పెట్టి పోయింది."

"కుక్కకి ఇంగ్లీషు వచ్చాండీ?" అన్నారు జోగారావు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఇంగ్లీషు రాదు సార్, భయం వస్తది. మ్యాండేటరీకి చదువుతో పని లేదు."

ధాత్రి నవ్వలేదు గానీ ఫోల్డరు మీద బిగించిన వేళ్ళు కొంచెం వదులయ్యాయి. రాజనర్సయ్యకు అది చాలు. శ్రీనగర్ కాలనీ పెళ్ళి దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడ ఎవరో సినిమావాళ్ళ ఇంట్లో పెళ్ళి. చుట్టాలు ఎప్పుడూ భోజనాల వేళకే వస్తారు, ముహూర్తానికి ఒక్కరూ ఉండరని పెళ్ళిపెద్ద బాధపడ్డాడట. పెళ్ళి పత్రిక మీద మ్యాండేటరీ అని వేస్తే బాగుండదు. అందుకని ఎక్స్‌పెక్టెడ్ అనే మాట తీశాడట ఈయన. ఆ మాట సంగతి మీకు తెలీదు, మేనత్త లాంటిది, నోరు తెరిచి ఏమీ అడగదు, కానీ మీరేం తెచ్చారో చూస్తుంది, తేకపోతే మనవల పెళ్ళి దాకా గుర్తుపెట్టుకుంటుందని వివరించాడు. సకాలంలో రాక ఎక్స్‌పెక్టెడ్ అని పత్రిక కింద చిన్న అక్షరాల్లో వేశాడు. పెళ్ళి నాటికి ఏమైంది? షామియానా వేసేవాళ్ళు వచ్చేసరికి చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు. కుర్చీలు ఇంకా రాలేదు కాబట్టి నేల మీదే వరుసల్లో కూర్చున్నారు. వంటవాళ్ళు పొయ్యి వెలిగించక ముందే భోజనాల బంతి కూర్చుంది. ఇక పెళ్ళికొడుకు ముందు రోజు సాయంత్రమే వచ్చి మండపంలో పడుకున్నాడు, పురోహితుడు వచ్చి లేపాల్సి వచ్చింది.

"మరి పెండ్లిపిల్ల?" అంది సత్తెమ్మ.

"ఆమె పేరు పత్రిక మీద మొదలే వచ్చేసింది గదా అక్కా, ఆమెకు ఫికర్ ఏమున్నది."

దానికి అర్థమేమిటో ఎవరికీ తెలియలేదు, ఆయనకీ తెలియదు. కానీ ధాత్రి పెదవి చివర కదిలింది. ఇంకొక్క తోపు తోస్తే నవ్వు బయటపడుతుందని రాజనర్సయ్యకు అర్థమైంది.

"గివన్నీ చిన్నయి. అసలుది చెప్త వినుండ్రి. మొన్న ఎండాకాలం, రోడ్డు మీద తారు కరుగుతున్నది. గీ వెనక కోచింగ్ సెంటరోడు వచ్చి, ఎండైనా వానైనా హాజరు మ్యాండేటరీ అని బోర్డు కొట్టమన్నడు. కొట్టిన. పెద్దగ, ఎర్రగ కొట్టిన. తెల్లారి క్లాసు టైముకు వాన వచ్చింది సార్. అంతటా కాదు, గా సెంటరు కిటికీ కాడ ఒక్కచోటే. రోడ్డవతల ఎండల మనుషులు నిలవడి చూస్తుండ్రు. పాఠం అయినంత సేపు కురిసి, గంట కొట్టంగనే పోయింది. మల్ల తెల్లారి గదే టైముకు హాజరు. ఆదివారం సెలవు. గట్ల ఎన్నాళ్ళు? పాఠం చెప్పే సారు ఆగమాగమై ఆటో ఏసుకొని నా కాడికొచ్చిండు. ఏం జేస్త, బోర్డు కింద ఇంకో చిన్న ముక్క అతికిచ్చిన, వానకు ఆప్షనల్ అని. గప్పుడు పోయింది. పోయేటప్పుడు నా షాపు ముందట నాలుగు చినుకులు రాల్చి పోయింది, థాంక్స్ చెప్పినట్టు."

ధాత్రి నవ్వింది. చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. సత్తెమ్మ చల్లారిన గ్లాసు తీసేసి వేడి టీ ఇంకోటి ఇచ్చింది. ఆ నవ్వు చూసి రాజనర్సయ్యకు ఎంత సంతోషమైందంటే, ఆ సంతోషంలో ఇంకో మెట్టు ఎక్కేశాడు. తన షాపులోంచి బయటికి వెళ్ళే ప్రతి మాటా బంగారం తూచే తరాజులో తూచి పెడతాననీ, అవసరం లేని చోట మ్యాండేటరీ అన్న మాట తన చేతి నుంచి ఈ జన్మలో పడలేదనీ, పడదనీ గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాడు.

జోగారావు గారు అప్పుడు ధాత్రి వైపు తిరిగారు. పంజాగుట్టలో ఇంటర్వ్యూ అన్నావు కదా అమ్మాయ్, ఇంకా ఇక్కడే కూర్చున్నావేంటి అని అడిగారు.

ధాత్రి నవ్వు ఆగిపోయింది. వెళ్ళడం లేదండీ అంది. టాలీ కోర్సు అయిపోయి నెలలు గడుస్తున్నాయి, చాలా ఆఫీసులు తిరిగింది, ఏదీ కుదరలేదు. ఇంట్లోవాళ్ళు ఇక చాలన్నారు. సాయంత్రం బస్సుకి టిక్కెట్టు తీశారు. తణుకులో పెదనాన్న గారి బట్టల కొట్లో కూర్చోమంటున్నారు. ఒకసారి అక్కడ కూర్చుంటే ఇక మళ్ళీ ఇటు పంపరని తనకి తెలుసు. ఈ పంజాగుట్టది ఆఖరిది. పంపుసెట్ల కంపెనీ ఆఫీసు, అకౌంట్ల పని, అచ్చంగా తను నేర్చుకున్నదే. ఒంటిగంట లోపు వెళ్ళాలి. తయారై బయటికొచ్చాక నోటీసు ఇంకోసారి చదివితే, ఆఖర్న ఉన్న మాట అప్పుడు కంటబడింది.

ఆమె ఫోన్ తీసి జోగారావు గారికి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివారు. అకౌంట్స్ అసిస్టెంట్ కావలెను, టాలీ తెలిసి ఉండాలి, సొంత టూవీలర్, లైసెన్స్ మ్యాండేటరీ.

"నాకు సైకిలు కూడా రాదండి," అంది ధాత్రి.

రాజనర్సయ్య ఆ ఫోన్ వైపు తొంగి చూశాడు. పసుపు పచ్చ నేల, ఎర్ర అక్షరాలు. ఒక్క చూపుకే గుర్తుపట్టాడు. తన పనే.

అంతకు ముందు రోజు పొద్దున మందుల డెలివరీ వాళ్ళకి పసుపు నోటీసు ఒకటి చేశాడు. ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు కావాలి కాబట్టి టూవీలర్ మాట ఆఖర్న పెట్టాడు. సాయంత్రం పంపుసెట్ల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అకౌంట్లకి మనిషి కావాలి, టాలీ వస్తే చాలు, తొందరగా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమన్నారు. ఆ సందులో పని జరిగే పద్ధతే అంత. కొత్త నోటీసు ఎవరూ మొదటి నుంచి చెయ్యరు. పాతదాన్ని తెరిచి, పేరూ నంబరూ ఉద్యోగమూ మార్చి పంపించేస్తారు. ఆయనా అదే చేశాడు. ఆఖరి మాట చెరపడం మర్చిపోయాడు. అప్పుడు కూడా టీ బండి దగ్గర ఏదో కథ సగంలో ఉంది, దాని తొందరలో లేచి వచ్చేశాడు.

ఆ పిల్ల పొద్దుట్నుంచీ కదలకుండా కూర్చున్నది తన పొరపాటు ముందన్నమాట.

"ఇది కూడా మీ తరాజులో తూచినదేనా రాజనర్సయ్య గారూ? లెక్కలు రాసే పిల్లకి బండెందుకండీ?" అన్నారు జోగారావు గారు.

అప్పుడు చెప్పాల్సింది ఒక్క మాట. మర్చిపోయిన సార్, గది ఉండొద్దు. అంతే. ఆ మాట ఆయన గొంతు దాకా వచ్చింది కూడా. కానీ గుండెల మీద పెట్టిన చెయ్యి ఇంకా గుండెల మీదే ఉంది. ముగ్గురూ తన వైపే చూస్తున్నారు. నాలుక తనకు అలవాటైన దారిలో వెళ్ళిపోయింది.

"కావాల్నని పెట్టిన సార్. పెట్టకపోతే రాష్ట్రమంత దిగుతుండె. పెట్టినా ఆగుతున్నరా? నిన్న గా నోటీసు గ్రూపులల్ల పడ్డదో లేదో అమీర్‌పేటల బంకులల్ల పెట్రోలు ఖతం. బండి లేనోడు చుట్టం బండి తెచ్చిండు, చుట్టం లేనోడు చుట్టాన్ని చేసుకున్నడు. ఇయ్యాల పొద్దుగాల సంది పంజాగుట్ట ఆఫీసు కాడ బండ్ల క్యూ మొదలై, ఫ్లైఓవర్ ఎక్కి, అవతల దిగి, యూటర్న్ తీసుకొని మల్ల ఇటే వస్తున్నది. ట్రాఫిక్ పోలీసు వచ్చి గిది ఏం ఊరేగింపు అని అడిగిండట. సంగతి తెలిసినంక టోపీ తీసి సంకల పెట్టుకొని తను సుత క్యూల నిలవడ్డడు."

ఎవరూ నవ్వలేదు. ఆయన చూసేసరికి ధాత్రి ఫోల్డరు జిప్పు లాగేసి లేచి నిలబడింది.

"అంతమందా," అంది మెల్లగా. "అయితే వెళ్ళి లాభం లేదులెండి."

టీ డబ్బులు బండి మీద పెట్టి హాస్టల్ వైపు నడవబోయింది. రాజనర్సయ్యకు తన నోటిని తానే కొట్టుకోవాలనిపించింది. సిగ్గేసింది, భయం కూడా వేసింది. ఆ పిల్ల మూల తిరిగిందంటే అటే బస్సెక్కి పోతుంది, ఇక ఏం చెప్పినా ఎవరు వింటారు?

సత్తెమ్మ గరిటె గిన్నె మీద పెట్టింది. ఆమె గొంతు పెంచలేదు.

"మస్తు చెప్పినవ్ నర్సన్నా. గా పొల్ల మొఖం చూసినవా? బండే కావాల్నంటే నీ బండి లేదా? తోల్కపో."

ఒక చిన్న మాట ఒప్పుకోవడం కంటే ఒక పిల్లని బండెక్కించుకుని పంజాగుట్ట దాకా దించి రావడం సులువనిపించే మనిషి రాజనర్సయ్య. షాపు షట్టరు సగం దించి, స్కూటరు తీశాడు. తన హెల్మెటు ధాత్రి చేతిలో పెట్టాడు. జోగారావు గారు కూడా వెళ్ళి రమ్మని రెండు సార్లు చెప్పాక, వద్దనలేక ఎక్కింది.

మెట్రో స్తంభాల కింద నుంచి బండి పోతోంది. వెనక ఆ పిల్ల ఫోల్డరుని పొట్టకి అదుముకుని కూర్చుంది. చాలామంది ఉంటారా అంకుల్ అని ఒకసారి అడిగింది. ఆయన వినబడనట్టు హారన్ కొట్టాడు. కొంత దూరం పోయాక, బండి ఎవరిదని అడిగితే ఏం చెప్పాలని అడిగింది.

"నాదే అని చెప్పు బిడ్డా. ఇయ్యాల్టికి నీదే."

సిగ్నలు దగ్గర ఆగినప్పుడు చెప్పేద్దామనుకున్నాడు. ఇంకో సిగ్నలు దగ్గర తప్పకుండా చెబుదామనుకున్నాడు. సిగ్నళ్ళన్నీ అయిపోయాయి. ఎవరికీ అవసరం లేనప్పుడు పరిగెత్తే నోరు, ఒకరికి అవసరమైనప్పుడు ఇలా మొండికేయడం ఆయనకే ఆశ్చర్యంగా ఉంది. పంజాగుట్ట దగ్గర ఎప్పటిలాగే బండ్లు కిక్కిరిసి ఉన్నాయి. అవన్నీ తన నోటీసు చూసి వచ్చినవేనని ధాత్రి అనుకుంటోందని, ఆమె ఊపిరి బిగబట్టడంలోనే తెలిసింది. నిజమే, నమ్మింది. ఇన్నేళ్ళలో ఆయన కథని ఇంత గట్టిగా నమ్మినవాళ్ళు ఎవరూ లేరు, అది చూసుకుని సంతోషపడే స్థితిలో ఆయన లేడు.

ఆఫీసు ఉన్న బిల్డింగు పక్క వీధిలో ఉంది. గేటు ముందు ఒక మనిషి లేడు, ఒక బండి లేదు. వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని చెవిలో పుల్ల పెట్టుకుంటున్నాడు. ధాత్రి దిగి అటూ ఇటూ చూసింది. తప్పు అడ్రసేమో అంది.

రాజనర్సయ్యే అడిగాడు, అలవాటు కొద్దీ. "భాయ్, పంపుసెట్ల ఆఫీసుకొచ్చిన క్యూ ఎటు దిక్కున్నది?"

"ఏం క్యూ?" అన్నాడు వాచ్‌మన్. "పొద్దుగాల సంది ఒక్క మనిషి రాలే. సారు రెండు పార్లు కిందికొచ్చి చూసి పోయిండు. గీ అమ్మ అందుకే వచ్చిందా? జల్ది పంపు అన్నా, తాళం ఏసుకొని పోయేటట్టున్నడు."

ధాత్రి రాజనర్సయ్య వైపు చూసింది. కోపంగా కాదు, లెక్క సరిపోనప్పుడు చూసే చూపు. ఆయన స్కూటరు అద్దం సరిచేసుకుంటున్నాడు. ఆమె హెల్మెటు ఇచ్చేసి, గబగబా మెట్లెక్కింది.

చాలాసేపైంది. స్టూలు పక్కన ఇంకో స్టూలు ఉంటే వాచ్‌మన్ దాన్ని జరిపాడు. నీ పనేంది అన్నా అని అడిగాడు. ఇంకో రోజైతే ఆ ప్రశ్నకి జవాబు చెప్పేసరికి మధ్యాహ్నం దాటేది.

"జిరాక్స్," అన్నాడు రాజనర్సయ్య.

పైన ఏం జరుగుతోందో అని చెమటలు పట్టాయి. బండి గురించి అడిగితే ఆ పిల్ల తడబడుతుంది. తడబడితే వద్దంటారు. వద్దంటే సాయంత్రం బస్సు. తనే పైకి పోయి, సార్ గది నా తప్పు అని చెబుదామని లేచి రెండు మెట్లెక్కాడు. అప్పటికే ధాత్రి దిగుతోంది.

ఆమె మొహం చూస్తేనే తెలిసింది. టాలీలో కొన్ని ఎంట్రీలు వేయించి చూశారట. సోమవారం నుంచి రమ్మన్నారట. ఇంటికి ఫోన్ చేసేసిందట, అమ్మ ఏడ్చిందట, టిక్కెట్టు రద్దు చేయిస్తామన్నారట. ఒక్క గుక్కలో చెప్పి, ఊపిరి తీసుకుంది. రాజనర్సయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమటేనన్నట్టు.

"బండి గురించి నేనే అడిగానంకుల్," అంది ధాత్రి. "సొంత బండి లేకపోతే పర్లేదా సార్ అని. బండెందుకమ్మా, మేం అడగలేదే అన్నారాయన."

రాజనర్సయ్య నోరు తెరిచాడు. కథ తయారుగా ఉంది. మంచి కథ. గీ ఉద్యోగం నీకే రావాల్నని, మిగిలినోళ్ళు ఎవరూ రాకుండ కావాల్ననే గా మాట పెట్టిన బిడ్డా, అని. టీ బండి దగ్గర చెబితే వారం రోజులు నడిచేది.

"గదే బిడ్డా, నేను కావాల్నని..." అని మొదలుపెట్టాడు.

"మందుల డెలివరీ వాళ్ళ నోటీసు మా హాస్టల్ మెట్ల దగ్గర అతికించి ఉందంకుల్," అంది ధాత్రి. "అదే పసుపు, అవే అక్షరాలు, ఆఖర్న అదే మాట. పైన కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. మీరు చెరపడం మర్చిపోయారు."

వాచ్‌మన్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ధాత్రి ఆయన చేతిలోని హెల్మెటు తను తీసుకుంది.

"మర్చిపోయారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నిజంగానే ఫ్లైఓవర్ దాకా క్యూ ఉండేది. నాకు వచ్చేది కాదు."

రాజనర్సయ్య స్కూటరు స్టాండు తీశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"గంత లేదు బిడ్డా," అన్నాడు. "నలుగురొస్తుండిరి. మస్తంటే ఐదుగురు. గా ఐదుగుర్ల సుత నీకే వస్తుండె."